మహిపాల్‌పూర్‌లో గది, చూడాల్సిందంతా ఊళ్లో: మూడు రాత్రుల ఢిల్లీ ఎలా?

ముందు మీ ప్రశ్న సంగతి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం పొద్దున న్యూఢిల్లీలో దిగుతున్నారు. మంగళవారం తెల్లవారి 6 గంటలకు టెర్మినల్ 3 నుంచి హైదరాబాద్ విమానం. మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు. ‘విమానాశ్రయం దగ్గర’ అన్న మాట చూసి మహిపాల్‌పూర్‌లో మూడు రాత్రులకు గది తీసేసుకున్నారు. ఇప్పుడు మ్యాపు తెరిస్తే ఎర్రకోట ఇరవై కిలోమీటర్ల అవతల కనిపిస్తోంది. కట్టిన డబ్బు పోతే పోయిందని హోటల్ మార్చాలా, ఎలాగోలా నెట్టుకురావాలా అని అడిగారు.

డబ్బు వెనక్కి రాని బుకింగ్ అయితే మార్చకండి. రోజుల వరస మార్చండి, చాలు. ఆ హోటల్ శనివారానికి పర్వాలేదు, ఆదివారానికి నిజంగానే చెడ్డది, సోమవారం రాత్రికి మాత్రం ఢిల్లీలో అంతకు మించిన చోటు లేదు. మూడు రాత్రులనూ కలిపి చూస్తే తప్పు చేశామనిపిస్తుంది. విడదీసి చూస్తే ఇబ్బందంతా ఒక్క రోజుదే.

మహిపాల్‌పూర్ ఎలా ఉంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఢిల్లీ నుంచి గుర్‌గావ్ వెళ్లే 48వ నంబరు జాతీయ రహదారికి ఒక పక్కన ఏరోసిటీ ఉంటుంది: పెద్ద హోటళ్లు, ఆఫీసులు, మెట్రో స్టేషను. రెండో పక్కన మహిపాల్‌పూర్, అంటే చవక హోటళ్లు వరసకట్టిన పాత ఊరు. బుకింగ్ యాప్‌లలో ‘ఏరోసిటీ దగ్గర’ అని రాసుకునే హోటళ్లలో చాలా వరకు ఈ పక్కవే. మ్యాపులో ఏరోసిటీ మెట్రోకు కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లే కనిపిస్తుంది. ఆ దూరాన్ని నమ్మి నడుద్దామనుకోకండి. మధ్యలో ఉన్నది రహదారి, పైన ఫ్లైఓవర్, కింద సర్వీసు రోడ్లు. ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి మాయమవుతుంది. సామానుతో, రాత్రిపూట, పెద్దావిడతో ఆ దాటుడు అసలు వద్దు. స్టేషన్ బయట ఆటోలుంటాయి. పొద్దున హోటల్ నుంచి స్టేషన్‌కు, రాత్రి స్టేషన్ నుంచి హోటల్‌కు ఆ కాస్త దూరమూ ఆటోనే అని ఇప్పుడే ఖర్చులో రాసేసుకోండి.

క్యాబ్‌లతో ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, యాప్‌లో పికప్ గుర్తు రోడ్డుకు అవతలి పక్కన పడటం. రహదారి మధ్యలో డివైడర్ ఉంటుంది కాబట్టి పది అడుగుల తేడాకు డ్రైవరు కిలోమీటర్ల దూరం పోయి యూటర్న్ తీసుకుని రావాలి. అందుకే సగం మంది క్యాన్సిల్ చేస్తారు. గుర్తును వేలితో జరిపి సరిగ్గా హోటల్ గుమ్మం ముందు పెట్టండి. గల్లీ లోపలి హోటలైతే గల్లీ మొదట్లో ఏదైనా పెద్ద బోర్డు దగ్గర పెట్టండి. రెండోది, ఊళ్లోంచి తిరిగొచ్చేటప్పుడు డ్రైవరు పరధ్యానంగా ఫ్లైఓవర్ ఎక్కేయడం. ఎక్కితే గుర్‌గావ్ దారిలో చాలాదూరం పోయి వెనక్కి తిరగాలి. ఎడమ పక్కనే ఉండి ఫ్లైఓవర్ రాకముందే సర్వీసు రోడ్డులోకి దిగాలి. దారిలో వచ్చే ధౌలా కువా కూడలి దాటగానే ‘భయ్యా, ఫ్లైఓవర్ కే నీచే సే’ (ఫ్లైఓవర్ కింద నుంచి) అని ఒక్క మాట అంటే చాలు.

హోటల్ మార్చే లెక్క ఎలా వేయాలో కూడా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. అంకెలు ఊరికే అనుకున్నవే, మీవి మీరు వేసుకోండి. ఇప్పటి గది రాత్రికి 1,800, కరోల్‌బాగ్‌లో అదే తరహా గది 2,800 అనుకుందాం. మీరు మారాలనుకునేది శని, ఆది రాత్రులకు. కట్టిన డబ్బు తిరిగి రాదంటే, కొత్తగా జేబులోంచి పోయేది తేడా వెయ్యి కాదు, మొత్తం 5,600. దానికి బదులు మిగిలేది రెండు రోజుల రానుపోను ఖర్చు, సుమారు 1,500, పైన మొత్తం నాలుగు గంటల సమయం. నాలుగు గంటలకు నాలుగు వేలు పెట్టడం మీ ఇష్టం, నేనైతే సిఫారసు చేయను. డబ్బు వెనక్కి వచ్చే బుకింగ్ అయితే కథ వేరు. అప్పుడు తేడా 2,000, మిగిలేది 1,500, నాలుగు గంటలు లాభం. అప్పుడు కళ్లు మూసుకుని మారొచ్చు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మారితే సోమవారం మళ్లీ సామాను సర్ది మహిపాల్‌పూర్‌కు తరలాలి. దానికి కనీసం రెండు గంటలు. అంటే ఆ నాలుగు గంటల్లో సగం అక్కడే పోతుంది.

రద్దు అడిగేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు యాప్‌లో ‘క్యాన్సిల్’ నొక్కకండి. నొక్కిన క్షణానే నిబంధనల ప్రకారం కోత పడిపోతుంది, ఆ తర్వాత హోటల్ వాళ్లు దయతలచినా యాప్ వెనక్కి ఇవ్వదు. ముందు హోటల్‌కు నేరుగా ఫోన్ చేయండి. ‘మూడు రాత్రులు కాదు, సోమవారం ఒక్క రాత్రి చాలు, మిగతా రెండూ రద్దు చేసి డబ్బు ఇస్తారా’ అని అడగండి. సరే అంటే ఆ మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి, ఆ తర్వాతే యాప్ వాళ్ల కస్టమర్ కేర్‌కు ఆ మెసేజ్ చూపించి మార్పించండి. ‘మీరు రద్దు చేయండి, మేం తర్వాత చూస్తాం’ అన్న మాటకు విలువ లేదు. ఇంకొకటి: మారాలని నిర్ణయించుకుని మొదటి రెండు రాత్రులు చెప్పాపెట్టకుండా మానేసి సోమవారం నేరుగా వెళ్లకండి. మొదటి రోజు మీరు రాకపోతే రాలేదని రాసుకుని బుకింగ్ మొత్తం కొట్టేసే హోటళ్లున్నాయి. సోమవారం రాత్రి పదింటికి గది లేదంటే ఆ ఇబ్బంది ఇప్పటిదానికన్నా పెద్దది.

మారేటట్లయితే ఎక్కడికి? పహాడ్‌గంజ్ న్యూఢిల్లీ స్టేషన్‌కు ఎదురే, కానీ సన్న గల్లీలు, లిఫ్టు లేని పాత భవనాలు ఎక్కువ. అమ్మగారితో వద్దంటాను. కరోల్‌బాగ్ నయం, నీలి లైను మెట్రో పక్కనే. లాజ్‌పత్ నగర్‌లో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి. ఎక్కడైనా సరే బుక్ చేసే ముందు మూడే ప్రశ్నలు: లిఫ్టు ఉందా, గదికి కిటికీ ఉందా, గుమ్మం దాకా కారు వస్తుందా. చవక గదుల ఫొటోల్లో పరదా కనిపిస్తే దాని వెనక కిటికీ ఉందని కాదు. గోడ ఉండొచ్చు.

ఇక ఉన్నచోటే ఉంటూ రోజులు నడిపే పద్ధతి. దూరపు హోటల్‌కు ఒకటే సూత్రం: రోజుకు ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి. మధ్యాహ్నం వెళ్లి కాస్త నడుం వాల్చి మళ్లీ వద్దాం అన్న ఆలోచన మానుకోవాలి. ఆ రానుపోనుకు మూడు గంటలు పోతాయి, నడుం వాలేది అరగంటే. విశ్రాంతి బయటే, చల్లగా కూర్చునే చోటులో, ముందే రాసిపెట్టుకోవాలి.

రెండో సంగతి, రోడ్డెప్పుడు పట్టాలి, మెట్రో ఎప్పుడు. ధౌలా కువా నుంచి గుర్‌గావ్ దాకా ఆ రహదారి పనిదినాల్లో పొద్దున 8:30 నుంచి 11 దాకా, సాయంత్రం 5:30 నుంచి 8:30 దాకా నిండిపోయి ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు కన్నాట్ ప్లేస్ నుంచి మహిపాల్‌పూర్ ముప్పావుగంట. రద్దీలో గంటన్నర అయినా ఆశ్చర్యపోవద్దు. విమానాశ్రయం మెట్రో, నారింజ రంగు లైను, ఏరోసిటీ నుంచి న్యూఢిల్లీ స్టేషన్‌కు ఇరవై నిమిషాల లోపే చేరుస్తుంది. మధ్యలో ధౌలా కువా, శివాజీ స్టేడియం రెండే స్టేషన్లు. నలుగురికి టికెట్లు, ఆటో కలిపితే క్యాబ్ ఖర్చుకు దగ్గర్లోకి వచ్చేస్తుంది కాబట్టి ఇక్కడ మెట్రో ఎక్కేది డబ్బు కోసం కాదు, గడియారం కోసం. కాబట్టి రద్దీ వేళల్లో మెట్రో, రాత్రి 8:30 దాటాక క్యాబ్. రాత్రి క్యాబైతే అమ్మగారు గుమ్మం ముందే దిగుతారు, బాబు దారిలో నిద్రపోయినా ఇబ్బంది లేదు.

మెట్రోకు స్మార్ట్ కార్డు తీసుకోండి. ప్రతి ప్రయాణం మీద 10 శాతం తగ్గుతుంది, రద్దీ లేని వేళల్లో ఇంకో 10 శాతం. మామూలు లైన్లలో ఆదివారం టికెట్టే తక్కువ. ఒక కార్డు ఒకరికే, నలుగురూ ఒకే కార్డు గీకి లోపలికి పోలేరు. మూడడుగుల లోపు పిల్లలకే ఉచితం, కాబట్టి మీ బాబుకూ కార్డు కావాలి. ప్రతి స్టేషన్‌లో లిఫ్టు ఉంటుంది, కానీ అన్ని గేట్ల దగ్గరా ఉండదు. మెట్లు దిగేశాక వెతికే బదులు, లోపలికి పోకముందే గోడ మీది పటంలో చక్రాల కుర్చీ గుర్తు ఏ గేటుకు ఉందో చూడండి. గేటు దగ్గర సంచులు స్కానింగులో పెట్టాలి. పండ్లు కోసుకునే చాకు ఉంటే అక్కడే ఆపేస్తారు. మామూలు లైన్లలో మొదటి పెట్టె ఆడవాళ్లకు. రద్దీలో అమ్మగారిని, మీ ఆవిడను అందులో ఎక్కిస్తే సీటు దొరికే అవకాశం ఎక్కువ, కాకపోతే ఏ స్టేషన్‌లో దిగాలో ముందే చెప్పి ఎక్కించండి.

శనివారం

రాత్రంతా రైల్లో వచ్చినవాళ్లు దిగీదిగగానే ఎర్రకోటకు పోవడం కాగితం మీదే బాగుంటుంది. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో సామాను పెట్టి పాతఢిల్లీ తిరగొచ్చని చాలామంది చెబుతారు. నిజమే, పెట్టొచ్చు. రైలు టికెట్ చూపించాలి, ప్రతి సంచికీ తాళం ఉండాలి, తాళం లేని సంచి తీసుకోరు. కానీ స్నానం లేదు, అమ్మగారికి రెస్టు లేదు, సాయంత్రం మళ్లీ స్టేషన్ క్యూలో నిలబడి సామాను విడిపించుకుని రద్దీ వేళకు బయల్దేరాలి. మీ ఇంటిల్లిపాదికీ ఇది కుదరదు.

బదులుగా శుక్రవారమే రైల్లోంచి హోటల్‌కు ఫోన్ చేసి 10 గంటలకు గది ఇస్తారా అడగండి. చెకిన్ మధ్యాహ్నం 12 అనో 2 అనో రాసి ఉన్నా, ముందు రాత్రి గది ఖాళీగా ఉంటే చాలాచోట్ల ఇస్తారు, కొందరు మూడు నాలుగు వందలు అడుగుతారు. ఆ డబ్బు ఇవ్వండి, ఈ యాత్రలో అంతకన్నా మంచి ఖర్చు ఉండదు. రైలు దిగాక అజ్మేరీ గేట్ వైపు బయటికి రావాలి, పహాడ్‌గంజ్ వైపు కాదు. విమానాశ్రయం మెట్రో స్టేషన్ అజ్మేరీ గేట్ వైపే. పహాడ్‌గంజ్ వైపు దిగిపోతే సామానుతో పాదచారుల వంతెన మొత్తం దాటి వెనక్కి రావాలి. ‘మెట్రో అక్కడ లేదు, నా బండి ఎక్కండి’, ‘మీ హోటల్ మూసేశారు’ అనే వాళ్లు ఎదురైతే ఆగకండి. ఆ లైను రైళ్లలో సామాను పెట్టుకునే చోటుంది.

గది చూపించగానే ఒక పని చేయండి: తాళం చెవి పుచ్చుకునే ముందు కిటికీ తెరిచి చూడండి. రహదారి వైపు గదైతే రాత్రంతా లారీల హారన్లు, విమానాల చప్పుడు ఎటూ ఉంటుంది. వెనక వైపు, లిఫ్టు ఉంటే పై అంతస్తు అడగండి. మూడు రాత్రులుంటామని చెబితే మారుస్తారు. ఒక్క రాత్రి గిరాకీకి ఆ మర్యాద దొరకదు.

మధ్యాహ్నం రెండున్నరకు కుతుబ్ మినార్. ఇక్కడే మీ హోటల్ చోటు కలిసొస్తుంది. ఎందుకంటే మహిపాల్‌పూర్ నుంచి వసంత్ కుంజ్, అంధేరియా మోడ్ మీదుగా మెహ్రౌలీకి వెళ్తే పది కిలోమీటర్ల లోపే, రహదారి ఎక్కే పనే లేదు. ఊళ్లో దిగినవాళ్లకు ఇదే దూరాభారం. క్యాబ్‌లోనే వెళ్లండి, మెట్రోలో వెళ్లినా కుతుబ్ మినార్ స్టేషన్ నుంచి మళ్లీ కిలోమీటరు పైన ఆటో కావాలి. టికెట్ కౌంటర్ క్యూలో నిలబడకండి, గేటు దగ్గర అతికించిన క్యూఆర్ కోడ్‌తో ఫోన్లో కొనండి, కాస్త తక్కువ కూడా. పురావస్తు శాఖ కట్టడాలన్నింట్లో పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, బాబుకు కొనకండి. లోపల చాలావరకు చదునైన రాతి బాట, అమ్మగారు నెమ్మదిగా తిరగగలరు. ఇనుప స్తంభం చుట్టూ ఇప్పుడు కంచె ఉంది. వెనక్కి చేతులు కలిపి కౌగిలించుకోవడం పాత ముచ్చట, బాబుకు ముందే చెప్పకండి, అక్కడ నిరాశ పడతాడు. గంటన్నర చాలు. చీకటి పడకముందే వెనక్కి బయల్దేరి, గదిలోనే భోజనం. మహిపాల్‌పూర్‌లో రాత్రి అన్నం దొరకడం కష్టం, రొట్టెలే ఎక్కువ. యాప్‌లో దక్షిణాది భోజనం తెప్పించుకోవచ్చు. డెలివరీ అబ్బాయిని పైకి రానిస్తారో లేదో రిసెప్షన్‌లో అడిగి పెట్టుకోండి.

ఆదివారం

కష్టమైన రోజు ఇదే, అసలు ఢిల్లీ చూసేదీ ఈ రోజే. సోమవారానికి నెట్టడానికి వీల్లేదు: ఎర్రకోట, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్, జాతీయ మ్యూజియం, ప్రధానమంత్రుల సంగ్రహాలయం అన్నీ సోమవారం మూసేస్తారు. ఢిల్లీ యాత్ర చెడేది హోటల్ దూరం వల్ల కన్నా ఈ సోమవారం వల్లే ఎక్కువ. ఆదివారం పొద్దున ట్రాఫిక్ తక్కువ కాబట్టి మీకు కలిసొస్తుంది.

8 గంటలకు గది వదలండి. ఏరోసిటీ నుంచి న్యూఢిల్లీ. అక్కడి నుంచి పసుపు లైనులో రెండు స్టేషన్లు వెళ్తే చాందినీ చౌక్, అయితే నారింజ లైను నుంచి పసుపు లైనుకు మారే నడక పొడుగు, ఎస్కలేటర్లు ఎక్కడం దిగడం. నలుగురే కదా, పైకి వచ్చి ఆటో మాట్లాడుకోండి. ఎర్రకోట మూడు కిలోమీటర్లు, ఆదివారం పొద్దున పావుగంట. కోట 9:30కు తెరుస్తారు, 9:15కు లాహోరీ గేట్ ముందు ఉండాలి. పదిన్నర దాటితే ఆదివారం జనం ముంచుకొస్తారు. లోపల ఛత్తా చౌక్ బజారు దాటి దివాన్-ఎ-ఆమ్, దాని వెనక దివాన్-ఎ-ఖాస్, రానుపోను కిలోమీటరు పైనే నడక. అమ్మగారు దివాన్-ఎ-ఆమ్ దాకా వచ్చి పచ్చిక దగ్గర నీడలో కూర్చుంటే మిగతావాళ్లు వెనక వైపు చూసి రావచ్చు.

బయటికొచ్చాక చాందినీ చౌక్. కోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఆ వీధిలో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లను రానివ్వరు, సైకిల్ రిక్షా ఎక్కాలి. ఎక్కేముందే ‘ఆనా జానా’ (రానుపోను) ఎంతో తేల్చుకోండి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. పట్టుచీరల బేరానికి వచ్చినవాళ్లకు నష్టమే, వీధిని చూసేవాళ్లకు మాత్రం రద్దీ తక్కువ. జామా మసీదు పైనుంచి చూడదగ్గదే, కానీ మెట్లు చాలా. మోకాళ్ల నొప్పులతో అది వదిలేయండి, కింద నుంచి కనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్. లాల్ ఖిలా స్టేషన్‌లో వంగపండు రంగు లైను ఎక్కి మండీ హౌస్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోకు దగ్గర. ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్లే కాదు, ఊరంతా వచ్చే క్యాంటీన్ అది. ఆదివారం బిర్యానీ కోసం క్యూ మరీ పెద్దది, పన్నెండున్నరకు చేరితే నయం. రెండింటికి పోతే అమ్మగారిని నిలబెట్టాల్సి వస్తుంది. డబ్బు కట్టి టోకెన్ తీసుకోవడానికి ఒకరు, కుర్చీలు ఖాళీ అవుతున్నాయా చూడటానికి ఒకరు, అలా పంచుకోండి. రెండు రోజులు రొట్టెల మీదున్న పెద్దావిడకు అక్కడి పప్పు, పొడి, నెయ్యి అన్నం చాలు, మిగతా రోజు ఓపిక వస్తుంది.

ఆ తర్వాత విశ్రాంతి, గదికి వెళ్లకుండా. జన్‌పథ్‌లో జాతీయ మ్యూజియం అక్కడికి దగ్గరే. లోపల చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. హరప్పా గది ఒక్కటి చూసి మిగతా సేపు కూర్చున్నా తప్పులేదు. నాలుగున్నరకు ఇండియా గేట్, దాని వెనకే జాతీయ యుద్ధ స్మారకం. చలికాలం అయిదున్నరకే పొద్దు గూకుతుంది, దీపాల వేళకు అక్కడుంటే బాగుంటుంది. ఇండియా గేట్ దగ్గర బండి ఆపడానికి ఎక్కడపడితే అక్కడ కుదరదు, క్యాబ్ పిలిచేటప్పుడు పక్క రోడ్డులోకి నడిచి పిలవండి.

సాయంత్రం 5:30 నుంచి 8:30 మధ్య రోడ్డెక్కొద్దన్నాను కదా, ఆ మూడు గంటలకు బంగ్లా సాహిబ్ గురుద్వారా సరిపోతుంది. తలకు గుడ్డ కట్టుకోవాలి, చెప్పులు కౌంటర్లో ఇవ్వాలి, కొలను చుట్టూ ఎంతసేపైనా కూర్చోవచ్చు, లంగర్‌లో, అంటే అక్కడ అందరికీ ఉచితంగా పెట్టే భోజనంలో, రాత్రి భోజనం కూడా అయిపోతుంది. కింద కూర్చుని తినాలి కాబట్టి అమ్మగారికి ఇబ్బందైతే అక్కడున్న సేవకులకు చెప్పండి. ఇక్కడో కిటుకు: తిరుగు ప్రయాణానికి న్యూఢిల్లీ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. నారింజ లైను శివాజీ స్టేడియం స్టేషన్ గురుద్వారాకు కిలోమీటరు లోపే. కన్నాట్ ప్లేస్‌కూ అదే దగ్గర. చాలామందికి ఆ స్టేషన్ సంగతే తెలియక రాజీవ్ చౌక్ జనంలో నలిగి న్యూఢిల్లీ దాకా పోయి మారతారు. ఎనిమిదిన్నర దాటితే నేరుగా క్యాబ్.

అక్షర్‌ధామ్ తప్పక చూడాలంటే అది యమున అవతల, మీ హోటల్‌కు ఊరికి ఆ చివర. ఎర్రకోట తీసేసి మధ్యాహ్నం నుంచి దానికే కేటాయించాలి. ఫోన్లు, కెమెరాలు లోపలికి రానివ్వరు, అప్పగించే క్యూ, తనిఖీ క్యూ కలిపి గంట పట్టొచ్చు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే అమ్మగారికి మర్నాడు నడక ఉండదు. ఆగ్రా సంగతి ఈసారికి ఎత్తకండి. ఆగ్రాకు పోయే యమునా ఎక్స్‌ప్రెస్ వే గ్రేటర్ నోయిడాలో మొదలవుతుంది, మీరున్నది దానికి పూర్తి వ్యతిరేక దిశ.

సోమవారం

మర్నాడు మూడింటికే లేవాలి కాబట్టి ఈ రోజు పొద్దున్నే మొదలై సాయంత్రం నాలుగింటికల్లా ముగియాలి. 7 గంటలకు క్యాబ్ ఎక్కేస్తే రద్దీ కన్నా ముందుంటారు. హుమాయూన్ సమాధి తెల్లవారగానే తెరుస్తారు, సోమవారం సెలవు లేదు. సమాధి ఎత్తయిన అరుగు మీద ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మగారిని కింద తోటలో కూర్చోబెట్టండి, అక్కడి నుంచే భవనం ఇంకా బాగా కనిపిస్తుంది. ఎదురుగా సుందర్ నర్సరీ: చదును దారులు, బెంచీలు, బాబు పరుగెత్తడానికి చోటు. తర్వాత ఐఎన్‌ఏ దగ్గర దిల్లీ హాట్. అక్కడ రాష్ట్రాల తిండి, చేతిపనుల దుకాణాలు, కూర్చుని భోంచేయొచ్చు. సరోజినీ నగర్ బజారు సోమవారం మూసి ఉంటుంది, దాని కోసం పోకండి.

మూడింటికి దిల్లీ హాట్ నుంచి క్యాబ్‌లో బయల్దేరితే ముప్పావుగంటలో గది. అమ్మగారు లేకుండా వచ్చేవాళ్లకు వేరే దారుంది: దిల్లీ హాట్-ఐఎన్‌ఏలో గులాబీ లైను ఎక్కి దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్‌లో దిగి, స్కైవాక్ మీదుగా ధౌలా కువా చేరి, అక్కడ నారింజ లైనులో ఒక్క స్టేషన్‌కు ఏరోసిటీ. (ఆ స్టేషన్ పేరు మన రాజమండ్రి ఆవిడదే.) ఆ స్కైవాక్ కిలోమీటరు పైన పొడుగు. కదిలే నడకదారులు ఉన్నా మధ్య మధ్యలో తెగి తెగి ఉంటాయి. మోకాళ్లకు మంచిది కాదు.

గదికి తిరిగి రాని రోజులకు భుజాన ఒక్క సంచి సిద్ధంగా ఉండాలి: అమ్మగారి మాత్రలు ఆ రోజువి కాక ఇంకో పూటవి, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, లీటరు నీళ్లు, శాలువా, మేజోళ్లు (గుళ్లలో, గురుద్వారాలో రాతినేల చలికాలం కోసేస్తుంది, ఎండాకాలం కాలుస్తుంది), బాబుకు ఒక చొక్కా. అందరి ఆధార్ ఫొటోలు ఫోన్లో. హోటల్ పేరు, చిరునామా హిందీలో రాయించుకున్న చీటీ ఒకటి అమ్మగారి చేతిసంచిలో.

మంగళవారం తెల్లవారి

6 గంటల విమానానికి మెట్రో పనికిరాదు, మొదటి రైలు మీకు అందదు. చాలా విమాన సంస్థలు బయల్దేరడానికి గంట ముందే సామాను కౌంటర్ మూసేస్తాయి, అంటే మీకు 5. టెర్మినల్ గేటు దగ్గర 4 గంటలకు ఉండాలంటే గది నుంచి 3:35కు కదిలితే సరిపోతుంది. కరోల్‌బాగ్‌లో దిగినవాళ్లు ఇదే విమానానికి రెండున్నరకే లేచి కూర్చుంటారు. క్యాబ్ యాప్‌ను ఆ వేళ ఒక్కదాన్నే నమ్మకండి. సోమవారం సాయంత్రమే రిసెప్షన్‌లో డ్రాప్ మాట్లాడి, ధర, సమయం, ‘టెర్మినల్ 3’ అన్న మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి. టెర్మినల్ 1 పూర్తిగా వేరే చోట ఉంది, నిద్రమత్తు డ్రైవరు అటు తిప్పితే అరగంట పోతుంది. బిల్లు కూడా ఆ సాయంత్రమే కట్టేయండి. తెల్లవారుజామున మూడున్నరకు రిసెప్షన్ అబ్బాయి సోఫాలో నిద్రపోతుంటాడు, కార్డు మిషను సొరుగులో తాళం వేసి ఉంటుంది. డిసెంబరు, జనవరి అయితే పొగమంచుకు విమానం ఆలస్యం కావచ్చు. అలా మెసేజ్ వచ్చినా గదిలోనే పడుకుని చూద్దామనుకోకండి. సమయం మళ్లీ ముందుకు జరిపే సందర్భాలున్నాయి, వేళకే వెళ్లి లోపల కూర్చోండి. చలికాలమే అయితే పొగమంచులో కారు నెమ్మదిగా పోతుంది, ఇంకో పావుగంట ముందు బయల్దేరండి.